సన్యాసమ్మ టీచరు, మాట వినే బోర్డు

అనగనగా కొండ కింద ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక బడి, ఆ బడిలో సన్యాసమ్మ టీచరు. ముప్పై ఏళ్ళుగా మూడో తరగతికి సుద్దముక్కతోనే పాఠాలు చెప్పేది. ఆవిడ చీర కుచ్చిళ్ళ దాకా సుద్దపొడేనమ్మా. ఊఁ కొడుతున్నావా?

ఒకరోజు ఆ బడికి కొత్తగా డిజిటల్ బోర్డు వచ్చింది. మన మంచమంత ఉంటుంది, టీవీలా వెలుగుతుంది. దాంతో పాఠం చెప్పడం నెల్లాళ్ళలో నేర్చుకోవాలనీ, రాకపోతే ఇంకో బడికి మార్చేస్తామనీ తనిఖీ ఆఫీసరుగారు కబురంపారు. ఆ పిల్లల్ని వదిలి వెళ్ళాలంటే ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

మొదటిరోజు ఆ బోర్డు మీద సుద్దముక్కతో 'అమ్మ' అని రాసి, తడిగుడ్డతో తుడిచింది. హెడ్మాస్టరుగారు పరిగెత్తుకొచ్చి గుడ్డ లాక్కున్నారు.

రెండోరోజు వేలితో ఏదో నొక్కింది. పాఠం కాస్తా తలకిందులైంది. ఆవిడ కంగారు పడుతుంటే, పిల్లలు బుద్ధిగా వంగి, కాళ్ళ సందులోంచి చూసి చదువుకున్నారు.

మూడోరోజు ఇంకేదో నొక్కింది. బోర్డు కిక్కురుమనలేదు. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగి, "అప్పలస్వామీ, ముక్కులోంచి వేలు తియ్యి" అంది. ఆ మాట ఉన్నదున్నట్టు బోర్డు మీద ఇంతింత అక్షరాలతో పడింది. మనం మాట్లాడితే అది రాసేస్తుందన్నమాట.

పిల్లలు పడీపడీ నవ్వారు. అప్పుడు అప్పలస్వామి లేచాడు. తన పేరు మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ ఆ వాక్యం మొత్తం చదివేశాడు. వాడు అంతవరకూ ఒక్క ముక్క చదివినవాడు కాదు. టీచరు కళ్ళు తుడుచుకుంది. ముఖమంతా సుద్ద అయింది.

ఆ తర్వాత రోజూ అదే పాఠం. ఒకరు మా మేక ఈనింది అంటారు, ఇంకొకరు మా తాత గురక పెడతాడు అంటారు. బోర్డు రాస్తుంది, అందరూ చదువుతారు.

నెలయ్యాక ఆఫీసరుగారు వచ్చారు. పాఠం ఇంకా మొదలవలేదు. ఆయన బోర్డు పక్కనే నిలబడి హెడ్మాస్టరుగారి చెవిలో ఏదో గుసగుసలాడారు. ఆ బోర్డుకి చెవులు మహా పదును. 'ఈ ముసలామెకి ఇవన్నీ రావు, ఇంకో బడికి పంపించేదాం' అని రాసి కూర్చుంది.

నలభైమంది పిల్లలూ గొంతెత్తి చదివారు. అందరిలోకీ పెద్ద గొంతు అప్పలస్వామిది.

టీచరుకి గుండె కలుక్కుమంది. అయినా నెమ్మదిగా బోర్డు దగ్గరికి వెళ్ళి, ఆఖరి మాటను వేలితో తాకి, దిద్ది, పిల్లలవైపు తిరిగింది.

"పంపించేద్దాంలో ద కింద ద వత్తు ఉండాలి పిల్లలూ. బోర్డు మర్చిపోయింది. ఇప్పుడు మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివారు, ఇంకా గట్టిగా. ఆఫీసరుగారు చెమట తుడుచుకున్నారు.

"టీచరుగారూ, ఇంక చదివించకండి. మీరు ఈ బడిలోనే ఉండండి" అన్నారు.

బోర్డు అదీ రాసింది. ఈసారి ఒక్క తప్పు లేదు. పిల్లలు అదీ చదివారు.

కథ నడిచి కంచి చేరె,
కునుకు నడిచి కంట చేరె.