రాజుగారి పాటకు బొమ్మ

రండర్రా, దగ్గరికి జరగండి. వెనకవాళ్ళు గోడకు ఆనుకోకండి, నిద్రొస్తుంది. చాప మీద కూర్చోండి. పాట పాడే రాజుగారి కథ చెబుతాను. ఎలా పాడేవారని మాత్రం ఇప్పుడే అడక్కండి, మీకే తెలుస్తుంది.

చింతవేణి సంస్థానాన్ని అనంతభూపతి ఏలేవారు. మంచి రాజు. చెరువులు తవ్వించారు, దొంగల్ని పట్టించారు. ఉన్నదొక్కటే జబ్బు, సంగీతం. ప్రతి ఏకాదశి సాయంత్రం తంబురా భుజానికి ఆనించుకుని సభలో పాడేవారు. కొలువువాళ్ళంతా వచ్చి తీరాలి, తల ఊపి తీరాలి. తల ఊపినందుకు జీతమిచ్చే కొలువు భూమ్మీద అదొక్కటే.

ఒకరోజు రాజుగారికి ఓ కోరిక పుట్టింది.

"మా పాట గాలిలో కలిసిపోతోంది. దాన్ని బొమ్మగా వేయించాలి. చూసినవాడికి పాట విన్నట్టే ఉండాలి."

కొలువులో చిత్రకారులు ఇద్దరు. పెద్దాయన శేషాచలపతి. 'చిత్రశార్దూల' అని బిరుదు. ఇచ్చిందెవరంటే, ఆయనే. గది తలుపులు బిగించుకుని దేవతల బొమ్మలు వేసేవాడు. ఏ దేవతను చూసినా ముక్కు మాత్రం ఆయన ముక్కే.

రెండోవాడు వీరదాసు. వాడికి గదిలో కాలు నిలవదు. కల్లంలో ధాన్యం తూర్పారబట్టే ఆడవాళ్ళ దగ్గర, వాగులో మునిగిన గేదెల దగ్గర, చాకిరేవు దగ్గర కూర్చునేవాడు. బండ మీద బట్టల చప్పుడు తాళం వేస్తుంటే గీత దానంతటదే సాగుతుందనేవాడు. కళ్ళతో చూడనిది గీయనని వాడి పట్టుదల.

శేషాచలపతి ఆ పట్టుదలనే పట్టుకున్నాడు.

"ప్రభూ, తమ పాటకి గంధర్వులు దిగివస్తున్నట్టు నేను వేస్తాను. వీరదాసు చూసిందే గీస్తాడట కదా. తమరు పాడుతుంటే ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు వెయ్యమనండి. ఓడినవాడు కుంచెలు కోటగుమ్మంలో పెట్టి సంస్థానం వదిలిపోవాలి."

రాజుగారు సరేనన్నారు. ఆయన పాడితే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప. నిజం గీస్తే వీరదాసు తల పోతుంది. అబద్ధం గీస్తే పరువూ పోతుంది, కొలువూ పోతుంది.

"అలాగే ప్రభూ, వచ్చే ఏకాదశికి తెస్తాను," అన్నాడు వీరదాసు. శేషాచలపతి వైపు తిరిగి, "బాబాయిగారూ, గంధర్వులకైనా వేరే ముక్కులు పెట్టండి," అన్నాడు.

ఏకాదశి వచ్చింది. ముందు శేషాచలపతి బొమ్మ చూపించాడు. మేఘాల నిండా గంధర్వులు, అందరిదీ ఒకటే ముక్కు. రాజుగారు మురిసిపోయారు.

వీరదాసు తన పటాన్ని రాజుగారొక్కరికే కనబడేలా నిలబెట్టాడు. ముసుగు తియ్యలేదు.

"ముందు తమరు పాడాలి ప్రభూ. పాట అయిపోయినా తంబురా భుజానే ఉంచుకుని బొమ్మ చూడండి. దించితే ఆ వేడి చల్లారిపోతుంది."

రాజుగారికి ఆ మాట నచ్చింది. పాడారు. చాలాసేపే పాడారు. తంబురా దించకుండానే ముసుగు తీయించారు.

బొమ్మలో సభ ఉంది, కిటికీ అవతల పెరడు ఉంది.

"కాకులు ఎగిరిపోతున్నాయేం?"

"మంచి పాట ఉన్నచోట కాకులకేం పని ప్రభూ."

"ఆ మజ్జిగ చిలికే ముసలమ్మ కవ్వం పక్కన పెట్టేసిందేం?"

"తమ గొంతు లేచాక తన కవ్వం చప్పుడు తనకే వినబడలేదంది ప్రభూ."

"పట్టపుటేనుగు గొలుసు తెంపుకుంటోందేం?"

"దగ్గరికొచ్చి వినాలని కాబోలు ప్రభూ."

రాజుగారు మీసం దువ్వుకున్నారు. ఆయన వేలు బొమ్మలో ముందు వరస మీద ఆగింది.

"ఇది శేషాచలపతి కదా. చెవుల్లో ఆ తెల్లనిదేమిటి?"

"అత్తరు దూది ప్రభూ."

అత్తరులో ముంచిన చిన్న దూది పింజను చెవి మడతలో పెట్టుకోవడం కొలువు మర్యాద. బొమ్మలో ఉన్నది మడతలో కాదు. రెండు చెవుల రంధ్రాల్లోనూ ఉండలుగా కూరి ఉంది.

"అత్తరు అక్కడా పెట్టుకునేది?"

"నాకూ అర్థం కాలేదు ప్రభూ. ప్రతి ఏకాదశికీ చూశాను, చూసింది గీశాను. ఆయన ఇక్కడే ఉన్నారు, అడగండి."

రాజుగారు తల తిప్పారు. తంబురా దించొద్దన్న మాట చెవిన పడని శేషాచలపతికి తెలిసింది ఒకటే, భుజాన తంబురా ఉంటే పాట ఇంకా సాగుతున్నట్టు. కళ్ళు అరమూసుకుని హాయిగా తల ఊపుతున్నాడు.

"శేషాచలపతీ, చెవుల్లో దూది కూరుకున్నావా?"

"ఆహా," అన్నాడాయన.

"మా పాట అంత భరించలేకుండా ఉందా?"

"అమృతం ప్రభూ, అమృతం."

"ఇవాళ్టితో నీ కొలువు సరి."

"ఆ చరణం ఇంకొక్కసారి ప్రభూ."

మంత్రిగారు ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నారు. రాజుగారి ముఖం ముందు ఎర్రబడింది, తరవాత నవ్వు ఆపుకోలేక పెదవులు అదిరాయి. అడిగాడు కదా అని, "నీ కొలువు సరి" అన్న మాటనే రాగం కట్టి ఇంకోసారి పాడారు. శేషాచలపతి తొడ మీద తాళం వేశాడు. సభంతా భళ్ళున నవ్వింది.

ద్వారపాలకుడు వెళ్ళి ఆయన చెవుల్లో దూది లాగాడు. నవ్వు అప్పుడు వినబడింది పాపం.

రాజుగారు కళ్ళు తుడుచుకుని, వీరదాసు వైపు తిరిగారు. గొంతు మారింది.

"అంతా బాగానే ఉంది. మా పాట నిజంగా అమృతమైతే దూది ఎందుకోయ్?"

వీరదాసు చేతులు కట్టుకున్నాడు.

"అమృతం అందరికీ అరగదు కదా ప్రభూ."

రాజుగారు తంబురా పక్కన పెట్టి మరీ నవ్వారు. తన చేతి కంకణం తీసి వీరదాసు చేతికి తొడిగారు. పెద్ద చిత్రకారుడి పీట వాడిదైంది. శేషాచలపతి కుంచెలు కోటగుమ్మంలో మిగిలాయి.

రాజుగారు పాట మానేశారా అనా? మానలేదురా. రాజుగారు కదా.

సరే, లేవండి. పలకలు సంచుల్లో పెట్టుకోండి. ఎవరింట్లో ఏం కూరో వీధిదాకా వాసనొస్తోంది. వెళ్ళి వేడివేడిగా అన్నాలు తినండి.