ఫోటోలో ఇరుకైపోయిన వీధి

గడియారస్తంభం వీధి మొదట్లో, మేడమీద ఫోటో స్టూడియో నడుపుకునే చిదంబరానికి పనితనం బోలెడంత ఉండేది గానీ, కొత్త మనిషిని పలకరించాలంటే మాత్రం ఎక్కడలేని మొహమాటం ముంచుకొచ్చేది.

స్టూడియోకి వచ్చేవాళ్ళతో ఇబ్బంది లేదు. వాళ్ళంతట వాళ్ళే వచ్చి కుర్చీలో కూర్చునేవాళ్ళు. "గడ్డం కొంచెం పైకి" అంటే ఎత్తేవాళ్ళు. చిక్కంతా వీధిలో మనుషులతోనే. వాళ్ళ ఫోటోలు తీయాలని అతనికి మహా సరదా. తీరా కెమెరా పట్టుకుని మెట్లు దిగేసరికి అరచేతులకి చెమటలు పట్టేవి. ఎవరైనా "ఏం తీస్తున్నారండీ?" అంటే, "అబ్బే, ఏం లేదండీ" అని గిరుక్కున తిరిగి మేడెక్కేసేవాడు. పైగా, "మంచి ఫోటోగ్రాఫరు జనంలో కలవకూడదండీ, ఎత్తు నుంచి గమనించాలి" అని గొప్పలు చెప్పేవాడు. మొహమాటానికి అంత అందమైన పేరు పెట్టినవాడు ఆ ఊళ్ళో మరొకడు లేడు.

ఆ ఏడు టౌన్‌హాల్లో "మన వీధులు" అని ఫోటోల పోటీ పెట్టారు. చిదంబరం కొత్త లెన్సు కోసం కొట్టుకి వెళ్ళాడు. కొట్టాయన రెండు లెన్సులు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి గుప్పిట్లో ఇమిడిపోయేంత చిన్నది. రెండోది ఆనపకాయంత పొడుగు.

"వీధిలో ఫోటోలకైతే ఈ చిన్నది తీసుకోండి. మన కన్ను చూసినట్టే చూస్తుంది. కాకపోతే మనిషికి బాగా దగ్గరగా వెళ్ళి నిలబడాలి," అన్నాడు కొట్టాయన.

"మరి ఈ పెద్దది?"

"దీనితో అయితే మీరు మేడ దిగక్కర్లేదు. వీధి చివర ఎవరికి చీమ కుట్టిందో ఇక్కణ్ణించే తెలిసిపోతుంది."

"అదే ఇచ్చెయ్యండి," అన్నాడు చిదంబరం, మరో మాట లేకుండా.

ఆదివారం సాయంత్రం వరండాలో నిలబడి ఆ పెద్ద లెన్సుని వీధిమీదికి గురిపెట్టాడు. అలాంటి లెన్సుకి ఒక గుణం ఉంది. దూరంగా, వెనకాల ఉన్నవాటిని లాక్కొచ్చి ముందున్నవాటికి అంటించినట్టు చూపిస్తుంది. ముప్పై అడుగుల ఎడం మూడడుగులే అనిపిస్తుంది. దానికి తోడు వీధి కాస్త వంపు తిరిగి ఉంది. దాంతో బజ్జీల బండీ, జామకాయల బండీ, గాజుల బండీ, పూలబుట్టలూ ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఫోటోలో పడ్డాయి. రోడ్డన్నది మచ్చుకైనా లేదు. వీధి అంత ఇరుకు కాదని చిదంబరానికి తెలుసు. తెలిసీ, "ఎంత నిండుగా వచ్చింది!" అని మురిసిపోయాడు. ఫోటో కింద "ఇసుక వేస్తే రాలని మా వీధి" అని పేరు కూడా రాశాడు.

మొదటి బహుమతి అతనికే వచ్చింది. శాలువా కప్పారు. ఎండలు మండిపోతున్నా చిదంబరం ఆ శాలువా రెండు రోజులపాటు భుజాలమీంచి తీయలేదు.

మూడో రోజున, ఊరికి కొత్తగా వచ్చిన మునిసిపల్ ఆఫీసరు టౌన్‌హాల్లో ఫోటోలు చూడటానికి వచ్చాడు. ఆ ఫోటో ముందు ఠక్కున ఆగిపోయాడు.

"ఇది వీధా, గోడౌనా? రేపు నిప్పంటుకుంటే ఫైరింజను ఎలా వెళుతుంది?" అని మండిపడ్డాడు.

సోమవారంలోగా బళ్ళన్నీ ఊరవతల మైదానంలోకి తరలించాలని మర్నాడే గడియారస్తంభానికి నోటీసు అంటించారు. ఊరవతలికి వేడి బజ్జీలు తినడానికి ఎవరు వెళతారు? వీధి వీధంతా గొల్లుమంది.

ఆ మధ్యాహ్నం నూకాలమ్మ స్టూడియో మెట్లెక్కింది. ఇరవై ఏళ్ళుగా ఆ వీధిలో బజ్జీలు వేస్తున్న మనిషి. చేతికి అంటిన శనగపిండి కూడా కడుక్కోకుండా వచ్చింది.

"ఫోటో బాబూ, టౌనాలుకెళ్ళి నీ ఫోటో సూసొచ్చాను. గాజుల ఖాసిం బుజమ్మీద నా తలకాయెట్టేసినావేటి?"

"నేను పెట్టలేదమ్మా. కెమెరాలో అలా పడిందంతే," అని చిదంబరం నసిగాడు.

"మా ఆయన సూసి పగలబడి నవ్వినాడు కాబట్టి సరిపోయింది! ఖాసిం బండెక్కడ, నా బండెక్కడ? మజ్జిలోంచి ఇసకలారీ ఎల్తాది. నవ్వులాటకేటి గానీ, మమ్మల్ని తోలేత్తన్నారు బాబూ. పొయ్యెలిగించుకుని ఆ మైదానంలో ఎవుడి కోసం కూకోను?" అంటూ నూకాలమ్మ మెట్లవైపు తిరిగింది. "ఒక్కపాలి కిందకొచ్చి సూడు, నీకు పున్నెముంటాది."

చిదంబరం ఆమె వెంట దిగాడు. బజ్జీల బండి దగ్గర్నించి గాజుల బండి దాకా అడుగులు వేశాడు. ముప్పైనాలుగు వచ్చాయి. అతను అడుగులు వేస్తుండగానే పక్కనుంచి ఒక బడి వ్యాను, దాని వెనకే రెండు ఆవులు తీరిగ్గా వెళ్ళిపోయాయి. పన్నెండేళ్ళుగా ఈ వీధికి ఎదురుగా కూర్చున్నాను, ఒక్కసారైనా ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచానా అనుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

అప్పటికప్పుడు కొట్టుకి వెళ్ళి ఆ చిన్న లెన్సు తెచ్చుకున్నాడు. మర్నాడు కెమెరా మెళ్ళో వేసుకుని వీధిలోకి వచ్చాడు. అరచేతులకి మామూలుగానే చెమటలు పట్టాయి. నూకాలమ్మ ముందు నిలబడి, "అమ్మా, తీయనా?" అన్నాడు. ఆ మాట అతనికే సరిగ్గా వినిపించలేదు.

"ముందు బజ్జీ తిను, తరవాత తీద్దువు గానీ!"

తిన్నాడు. నోరు కాలింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. చిదంబరానికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతో సగం మొహమాటం వదిలింది. గాజుల ఖాసిం టోపీ సర్దుకుని, "నేను రెడీ సార్! ఈసారి మాత్రం నా భుజమ్మీద ఎవర్నీ పెట్టకండి!" అన్నాడు. మధ్యాహ్నానికల్లా చిదంబరానికి వీధిలో అందరి పేర్లూ తెలిశాయి.

ఆ ఫోటోలు పట్టుకుని ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. ఆఫీసరు వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకూ ఈ లెన్సుల సంగతి కాస్త తెలుసయ్యా. దగ్గర చేసి చూపించే లెన్సు ఉన్నట్టే దూరం చేసి చూపించేదీ ఉంటుంది. అదీ నువ్వు తీసిందే, ఇదీ నువ్వు తీసిందే. దేన్ని నమ్మమంటావు?"

గదిలో గుమాస్తాలందరూ చిదంబరాన్నే చూస్తున్నారు. అతని కళ్ళముందు శాలువా మెదిలింది, నూకాలమ్మ మెదిలింది.

"మొదటి ఫోటో నమ్మకండి సార్," అన్నాడు. "జనం దగ్గరికి వెళ్ళడానికి మొహమాటపడి మేడమీంచి తీశాను. వీధి అంత ఇరుకు కాదని తెలిసీ బహుమతి పుచ్చుకున్నాను. తప్పు నాదే. రెండోది కూడా నా మాటమీద నమ్మొద్దు. ఒక్కసారి జీపు వేసుకుని మీరే రండి సార్."

ఆఫీసరు ఆ ఫోటోలు పక్కన పెట్టాడు. సాయంత్రం, జనం బాగా ఉన్న వేళ చూసుకుని జీపులో వచ్చాడు. జీపు ఒక్క హారనైనా కొట్టకుండా వీధి చివరిదాకా వెళ్ళి, అక్కడ తిరిగి, వచ్చి బజ్జీల బండి దగ్గర ఆగింది.

"ఇరుకనిపిత్తే సెప్పండి బాబుగోరూ, ఇంకాత్త జరుగుతాం," అంది నూకాలమ్మ, చేతులు కట్టుకుని.

"మూలమలుపు దగ్గర రెండు బళ్ళు కాస్త వెనక్కి జరిపితే చాలమ్మా," అన్నాడు ఆఫీసరు. తర్వాత ఒక ప్లేటు బజ్జీలు తిన్నాడు, ఇంకో ప్లేటు ఇంటికి కట్టించుకున్నాడు. పొద్దుగూకకముందే నోటీసు చించేశారు. వీధిలో ఈలలే ఈలలు.

చిదంబరం టౌన్‌హాలుకి వెళ్ళి తన ఫోటో తనే గోడమీంచి దించాడు. శాలువా మడతపెట్టి వెనక్కి ఇచ్చేశాడు. ఇస్తున్నప్పుడు మనసు చివుక్కుమన్న మాట నిజమే. రెండో బహుమతి వచ్చినావిడకి మొదటిది ఇచ్చారు. ఆ తర్వాత అతను వీధి ఫోటోలన్నీ చిన్న లెన్సుతో, ముందు పలకరించి, ఒక బజ్జీ తిని మరీ తీసేవాడు. పెద్ద లెన్సుని చెరువులో కొంగల్ని తీయడానికి ఉంచుకున్నాడు. కొంగల్ని పలకరించే పని లేదు కదా!

నీతి: దూరం నుంచి చూసి ఎవరి గురించీ తేల్చి చెప్పకూడదు, దగ్గరికి వెళ్ళి, పలకరించి, కళ్ళారా చూశాకే మాట్లాడాలి.