పంక్తిలో లేచిన వేలు

మా చింతలకోట రాజావారికి గుర్రాల పిచ్చి పట్టింది. దాంతో నాకు ఇంగ్లీషు గండం పట్టుకుంది.

పొగరుబోతు గుర్రాలను మాలిమి చేయడానికి స్పెయిన్ దేశం నుంచి ఎస్తెబాన్ దొరను పిలిపించారు రాజావారు. ఆయనకు వచ్చింది అరకొర ఇంగ్లీషు. ఆస్థాన దుబాసీనైన నాకు, అంటే ఈ జోగినాథానికి, అందులో సగం వచ్చు. అయినా మా ఇద్దరికీ మాట బాగానే కలిసింది. ఇద్దరం ఒకే గుంటలో పడేవాళ్లం మరి!

ఇంతలో నా దుబాసీ కొలువు మీద కన్నేసి చెన్నపట్నం నుంచి తాండవకృష్ణయ్య పంతులు దిగాడు. ఇంగ్లీషులో అంతటివాడు లేడని ఆయన చెప్పుకునేవాడు. ఆయన ఎంత బాగా మాట్లాడేవాడంటే, నాకొక్క ముక్క అర్థమయ్యేది కాదు.

వచ్చినరోజే, దొర "ఐ ఎంజాయ్ టు రైడ్" అనగానే పంతులు చూపుడువేలు పైకి లేచింది.

"తప్పు! ఎంజాయ్ తర్వాత రైడింగ్ అనాలి. వాంట్ తర్వాత టు రైడ్ అనాలి. లైక్ తర్వాత రెండూ చెల్లుతాయి. స్టాప్ తర్వాత ఏది పెడితే దానికో అర్థం!"

దొర బిక్కమొహం వేశాడు. వాళ్ల భాషలో ఇలాంటి చోట్ల ఒక్క రూపంతోనే పని గడిచిపోతుందట. ఆ మాటకొస్తే మనకూ అంతేగా? తినడం ఇష్టం, తినడం మానేశాను. తినడం ఎక్కడా మారదు.

ఆ రోజు నుంచి వేలు లేస్తూనే ఉంది, దొర నోరు మూతపడుతూనే ఉంది. వారం తిరిగేసరికి ఆయన గుర్రాలతో తప్ప మనుషులతో మాట్లాడటం మానేశాడు. ఊరికి పోతానన్నట్టు పెట్టె కూడా సర్దుకున్నాడు.

రాజావారు కంగారుపడి పంతులునీ, నన్నూ పిలిచారు.

"రేపు దొరకు విందు. ఇక్కడే ఉంటానని ఆయన నోట అనిపించినవాడే దుబాసీ. రెండోవాడు గుర్రాలకు గడ్డి వేస్తాడు."

నాకు గడ్డి వాసన తగిలితే తుమ్ములు ఆగవు. గుర్రం నన్ను చూస్తే తంతుంది. పంతులు చదువు ముందు నేనెంత? ఆ రాత్రంతా తుమ్ముతున్నట్టే కలలొచ్చాయి.

మా కోటలో ఒక ఆచారం ఉంది. విందులో అతిథి ఒక మంచిమాట అనందే రాజావారు మొదటి ముద్ద ఎత్తరు. ఆయన ఎత్తందే పంక్తిలో ఎవరూ ఎత్తకూడదు.

మర్నాడు విస్తళ్లలో పులిహోర, ముద్దపప్పు, గోంగూర, కమ్మటి నెయ్యి వడ్డించారు. అందరం దొర మొహం వైపు చూస్తూ కూర్చున్నాం.

"ఐ లైక్..." అన్నాడు దొర. పంతులు వేలు కాస్త కదిలింది. దొర ఆగిపోయాడు.

"ఐ వాంట్..." వేలు ఇంకాస్త లేచింది. దొర నుదుట చెమట పట్టింది. ఆయన తలవంచుకుని విస్తరిని చూస్తూ ఉండిపోయాడు.

పప్పు చల్లారింది. నెయ్యి పేరుకుంది. దివాన్‌గారి కడుపు అందరికీ వినపడేలా గుర్రుమంది.

"ఏం పంతులు గారూ, ఇంకా ఎంతసేపు?" అన్నారు రాజావారు.

"ఆలోచిస్తున్నారు ప్రభూ! సూత్రం దొరకగానే మాట్లాడతారు."

"ఈలోపు నా ఆకలికి ఏ సూత్రం చెబుతారయ్యా?"

ఇక లాభం లేదని నేను లేచి నిలబడ్డాను. ఎంజాయ్ తర్వాత ఏం రావాలో గుర్తుంది గానీ, మిగతావాటికి టు పెట్టాలా, ఇంగ్ పెట్టాలా తెలియలేదు. ఎందుకైనా మంచిదని అన్నిటికీ రెండూ పెట్టేశాను.

"సర్! ఐ ఎంజాయ్ టు ఈటింగ్! మై స్టమక్ రెఫ్యూజ్ టు వెయిటింగ్! ఆల్ హార్సెస్ వాంట్ టు లవింగ్ యూ! ప్లీజ్ టు స్టేయింగ్!"

పంతులు వేలు లేచింది. తర్వాత రెండో చేతి వేలూ లేచింది. ఏ తప్పు నుంచి మొదలుపెట్టాలో తెలియక ఆ రెండు వేళ్లూ గాలిలోనే ఉండిపోయాయి.

దొర తలెత్తి నా వంక చూశాడు. పకపకా నవ్వాడు. కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ, "నో, నో, జోగినాథం! ఎంజాయ్ ఈటింగ్!" అని నన్ను దిద్దాడు. నాకు గురువయ్యేసరికి ఆయన భయం ఎటో పోయింది. గోంగూర బాగుందన్నాడు, గుర్రాలు బంగారమన్నాడు.

"ఐ స్టే! హియర్ ఐ ఎంజాయ్ టు లివ్!" అన్నాడు చివరికి.

పంతులు వేలు మళ్లీ లేవబోయింది.

"ఆ వేలు ముడవండి పంతులు గారూ! ముద్ద కలుపుకోవడానికి పనికొస్తుంది" అంటూ రాజావారు మొదటి ముద్ద ఎత్తారు. పంక్తి పంక్తంతా విస్తళ్ల మీద పడింది.

రెండో వడ్డనకు రాజావారు నన్ను దగ్గరికి పిలిచారు.

"నిజం చెప్పు జోగినాథం. దొర బెరుకు పోగొట్టడానికే కదూ, అన్ని తప్పులు కావాలని చేశావు?"

నేను చేతులు కట్టుకున్నాను.

"మొదటి తప్పు కావాలని చేసిందే ప్రభూ. మిగతావన్నీ నా స్వార్జితం!"

రాజావారికి పొలమారింది. మాట అర్థం కాకపోయినా దొర కూడా నవ్వాడు. పాపం, పంతులు సైతం నవ్వు ఆపుకోలేక మెలికలు తిరిగిపోయాడు.

రాజావారు నెత్తి తట్టుకుని, మంచినీళ్లు తాగి, తన చేతి కంకణం తీసి నా చేతికి తొడిగారు. తర్వాత దివాన్‌గారి వైపు తిరిగి గట్టిగా ఆజ్ఞాపించారు.

"ఇదిగో, ఇవాళ్టి నుంచి ఇతనికి ఎవరూ ఇంగ్లీషు నేర్పకూడదు!"