ముందుబోయీ ఓబన్న

అనగనగా, బండి చక్రం ఎక్కలేని కొండలను మనిషి భుజం ఎక్కిన కాలంలో, మల్లెలదుర్గం అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ దుర్గానికి కొండ అవతల ఒక పల్లె. ఆ పల్లెలో పల్లకీలు మోసే బోయీలు ఉండేవారు. వారిలో పెద్దవాడు ఓబన్న.

ఓబన్న ఎప్పుడూ పల్లకీకి అందరికన్నా ముందు నడిచేవాడు. వెనక మోసేవారికి దారి కనబడదు. వాళ్ల కళ్లకు కనబడేది పల్లకీ వీపు ఒక్కటే. ముందుబోయీ నోటి మాటే వాళ్లకు దారి. రాయి ఉంటే రాయి ఉందని, గుంట ఉంటే గుంట ఉందని అతడే చెప్పాలి. ఓబన్న ఆ మాటను ఊరికే చెప్పేవాడు కాదు, నవ్వు కలిపి పాడేవాడు.

రాయి కనబడితే, "అత్తగారు కూచుందమ్మా, అడుగు పక్కకు వేయండీ!" అనేవాడు.

బురద కనబడితే, "అల్లుడికి పాయసం పోశారమ్మా, మెల్లగ మెల్లగ!" అనేవాడు.

వెనకవాళ్లు "హుం, హుం" అంటూ నవ్వుతూ నడిచేవారు. నవ్వే మనిషికి భుజం మీద బరువు సగమే తెలుస్తుంది. అందుకే ఓబన్న లేని పల్లకీ ఎక్కడానికి ఊరి శెట్లు కూడా ఇష్టపడేవారు కాదు.

కానీ ఓబన్నకు వయసు మీదపడింది. ఆ ఏడు ఉగాది దాటాక కళ్లకు పొగమంచు కమ్మినట్టయింది. దూరాన చెట్టు మబ్బులా కనబడేది. మబ్బు కొండలా కనబడేది. ఈ సంగతి అతడు ఎవరికీ చెప్పలేదు.

"చెబితే ముందు చోటు పోతుంది. ఆపైన అరుగు మీద కూర్చుని ఈగలు తోలుకోవడమే నా బతుకు," అని భయపడ్డాడు.

ఊరి చుట్టూ ఉన్న దారులన్నీ అతని పాదాలకు తెలుసు. అందుకని గుట్టు దాగింది.

శ్రావణమాసం. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం దుర్గం నుంచి ఒక రౌతు గుర్రం నురగలు కక్కేలా వచ్చాడు.

"రాణిగారు నిన్నటి నుంచి నొప్పులు పడుతున్నారు. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని సుంకులమ్మను పొద్దు గూకేలోగా దుర్గం చేర్చాలి. ఇది వీరభూపతి మహారాజు ఆజ్ఞ!" అన్నాడు.

సుంకులమ్మ ఆ పల్లెలోనే ఉండే ముసలిది. మోకాళ్లు పట్టేసి గుర్రం ఎక్కలేదు. పైగా రౌతు వచ్చిన ఏటిదారి అతని వెనకనే మునిగిపోయింది. ఇక మిగిలింది కొండదారి ఒక్కటే. వానల్లో ఆ దారిన ఎవరూ పోరు.

ఓబన్న పల్లకీ బొంగు కింద భుజం పెట్టాడు. అతని వెనక రెండో చోట మేనల్లుడు మారెప్ప నిలిచాడు. పల్లకీ వెనక కాటన్న, బోడెన్న అనే అన్నదమ్ములు నిలిచారు. లోపల సుంకులమ్మ తన మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఓబన్నా, నన్ను పడేశావంటే నీ మనవళ్లకు బొడ్డు కోసేవాళ్లుండరు, జాగ్రత్త!" అంది.

"నిన్ను పడేస్తే కొండకే దెబ్బ తగులుతుందక్కా!" అన్నాడు ఓబన్న.

అందరూ నవ్వారు. పల్లకీ లేచింది.

కొండ ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికి ఓబన్న కాలి వేలు ఒక రాతికి కొట్టుకుంది. అతనికి ఆ రాయి కనబడనే లేదు. పల్లకీ ఒక్క ఊపు ఊగింది.

"ఏమైంది మామా?" అన్నాడు మారెప్ప.

"అత్తగారు చెప్పకుండా వచ్చిందిరా అల్లుడూ! మంచి అత్తగారు ఎప్పుడైనా చెప్పి వస్తుందా?" అన్నాడు ఓబన్న.

వెనక అన్నదమ్ములు పకపకా నవ్వారు. మారెప్ప నవ్వలేదు. మామ కాలి నుంచి కారుతున్న నెత్తురు చూశాడు. ఎదురుగా దారి మధ్యన, పసిపిల్లవాడికి కూడా కనబడేంత రాయి. మామకెలా కనబడలేదు?

అడవి చిక్కబడింది. వాన సన్నగా మొదలైంది. దారికి అడ్డంగా ఒక తుమికి చెట్టు కొమ్మ వంగి ఉంది. ఓబన్నకు అక్కడ ఆకుపచ్చని మసక తప్ప ఏమీ కనబడలేదు.

"దారి వెన్నముద్దలా ఉందమ్మా, నడవండి నడవండి!" అని పాడాడు.

"మామా, కొమ్మ!" అని మారెప్ప అరిచేలోపే కొమ్మ పల్లకీ తెరను చీల్చింది. లోపల సుంకులమ్మ నుదురు చిట్లింది. ఆమె "అమ్మా!" అంది.

నిజం ఓబన్న నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దాని కన్నా ముందు భయం బయటికి దూకింది.

"మారెప్పా! నీ అడుగు తప్పబట్టి పల్లకీ పక్కకు ఒరిగింది. మెడ మీద తల ఉందా లేదా?" అని గద్దించాడు.

మారెప్ప ముఖం నల్లబడింది. పెద్దవాడికి ఎదురు చెప్పలేక పళ్లు బిగపట్టాడు. సుంకులమ్మ కొంగుతో నుదురు అదుముకుని, "కోపాలు కొండ దిగాక పడండి. అక్కడ ఒక తల్లి ప్రాణం మనకోసం కాచుకుని ఉంది," అంది.

మళ్లీ నడిచారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. ఓబన్న పాట పాడుతూనే ఉన్నాడు గానీ అతని గొంతు అతనికే పరాయిగా వినబడుతోంది. వెనక "హుం, హుం" కూడా బరువుగా వస్తోంది.

కొండ నడుమ ఒక సన్నబాట ఉంది. ఒకపక్క నిలువు బండ, ఒకపక్క లోయ. లోయలో ఏటి హోరు. పల్లకీ పట్టేంత వెడల్పే తప్ప మనిషి దిగి నిలబడే చోటు కూడా లేదు. ఆ బాటలో కొంత దూరం పోయాక ఓబన్నకు ఎదురుగా నల్లగా ఏదో కనబడింది.

అది బండ నీడా? బాట తెగిపోయిందా?

కళ్లు చికిలించాడు. వాన నీళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. నీడైతే అడుగు వేయవచ్చు. గండి అయితే ఆ అడుగుతో అందరూ లోయలోకి పోతారు. పాట ఎత్తుకుందామని నోరు తెరిచాడు. పాట రాలేదు.

"ఆగండి," అన్నాడు.

పల్లకీ ఆగింది.

"ముందేముంది మామా?" అన్నాడు మారెప్ప.

"తెలియదురా."

"తెలియదంటే?"

ఓబన్న ఇక దాచలేకపోయాడు. "నాకు కనబడటం లేదు. చాలా నాళ్ల నుంచి సరిగా కనబడటం లేదు. ఆ రాయి కనబడలేదు. ఆ కొమ్మ కూడా కనబడలేదు. అక్క నుదురు చిట్లింది నా వల్ల. తప్పు నీ మీదికి తోశాను," అన్నాడు.



"కళ్లు లేకుండానే మమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చావా!" అని వెనక నుంచి కాటన్న కేక పెట్టాడు. "మా ఇంట్లో పిల్లలున్నారు ఓబన్నా!" అని బోడెన్న ఏడుపు గొంతుతో అన్నాడు. అతని వణుకు బొంగు మీదుగా పాకి ఓబన్న భుజానికి తెలిసింది.

"అరవకండి!" అంది సుంకులమ్మ లోపలినుంచి. "ఓబన్నా, నేను సూదిలో దారం ఎక్కించలేక చాలా కాలమైంది. నా కోడలు ఎక్కిస్తుంది, నేను కుడతాను. నీకు చూసిపెట్టే కళ్లు నీ వెనకే ఉన్నాయి గదా. అడగడానికి నీకేం నామోషీ?"

బోయీల చేతుల్లో ఊతకర్రలు ఉంటాయి. అలసినప్పుడు బొంగును వాటి మీద నిలుపుతారు. నలుగురూ బొంగును కర్రల మీద నిలిపారు. ఓబన్న బండకు వీపు ఆనించి వెనక్కి జరిగాడు. మారెప్ప అతణ్ణి దాటి ముందుకు వచ్చాడు. ఇద్దరి ముఖాలూ దగ్గరగా వచ్చిన ఆ క్షణంలో ఓబన్న, "నన్ను మన్నించరా," అన్నాడు.

"దిగాక మాట్లాడుకుందాం," అన్నాడు మారెప్ప. అతని కళ్లలో కోపం అలాగే ఉంది.

మారెప్ప ముందుకు చూశాడు. అది నీడ కాదు. మట్టి జారి బాట తెగిపోయింది. ఒక ఆవు పట్టేంత గండి. ఓబన్న మరో అడుగు వేసి ఉంటే అంతే సంగతులు. గండి మధ్యలో ఒక రాయి మాత్రం బండను కరుచుకుని నిలిచి ఉంది.

"దాటగలమా?" అంది సుంకులమ్మ.

"దాటాలి," అన్నాడు మారెప్ప. బొంగు భుజానికెత్తాడు. కానీ ఏమని చెప్పాలో తెలియలేదు. అతడు ఏనాడూ ముందు నడిచింది లేదు. ఏమీ వినబడక వెనక అన్నదమ్ముల అడుగులు తడబడ్డాయి. పల్లకీ లోయ వైపు ఒరిగింది.

"చెప్పరా!" అన్నాడు ఓబన్న.

"నాకు పాట రాదు మామా!"

"పాట నీకెందుకు? చూసింది చెప్పు. వాళ్లకు అందించడం నా పని."

మారెప్ప గండిలోకి తొంగి చూశాడు. "గండి ఉంది. నడుమ రాయి ఉంది. గట్టిదే. కుడికాలు దాని మీద పెట్టాలి."

ఓబన్న గొంతెత్తాడు. ఈసారి ఆ గొంతులో అబద్ధం లేదు. "ఇంటి గడప తెగిందమ్మా, నడుమ పీట వేశారమ్మా! కుడికాలు పెట్టి రారమ్మా, కొత్తకోడలు వచ్చినట్టు!"

"హుం!" అన్నారు వెనకవాళ్లు.

"ఎడమపక్క మట్టి జారుతోంది మామా!"

"ఎడమన మరదలు అలిగిందమ్మా, ముట్టకండి ముట్టకండి! బండన్న మీద వాలండమ్మా, భుజం రాసుకు నడవండమ్మా!"

"హుం, హుం!"

మారెప్ప దాటాడు. ఓబన్న దాటాడు. పల్లకీ గండి మీదికి వచ్చింది. బోడెన్న కాలు రాతి మీద జారింది. పల్లకీ కుంగింది. సుంకులమ్మ కళ్లు మూసుకుని మూటను గుండెకు హత్తుకుంది. ముందున్న ఇద్దరూ పాదాలు నేలలో దిగేసి బొంగును బిగబట్టారు.

"బోడెన్నా! కొత్తకోడలు గడపలోనే కూలబడితే కట్నం వెనక్కి అడుగుతారు, లేవరా!" అని అరిచాడు ఓబన్న.

ఆ భయంలోనూ బోడెన్నకు నవ్వు వచ్చింది. నవ్వుతో పాటు ఊపిరి వచ్చింది. ఊపిరితో పాటు కాలికి పట్టు దొరికింది. అతడు దాటాడు. కాటన్న దాటాడు.

వాన వెలిశాక, పొద్దు కొండ అంచున ఎర్రగా వేలాడుతుండగా పల్లకీ దుర్గం వాకిలి చేరింది. సుంకులమ్మను అంతఃపురంలోకి తీసుకుపోయారు. నలుగురూ గోడ పక్కన కూలబడ్డారు. తలుపులు మూసుకున్నాయి. లోపల రాణి మూలుగు వినబడుతోంది. తర్వాత అది కూడా వినబడలేదు. మహారాజు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

అప్పుడు పసిబిడ్డ ఏడుపు వినబడింది. తల్లీ బిడ్డా క్షేమమని దాసి పరుగున వచ్చి చెప్పింది.

వీరభూపతి తన చేతి బంగారు కడియం తీశాడు. "ఈ వానలో కొండదారిన ముందు నడిచి పల్లకీ తెచ్చిందెవరు?" అన్నాడు.

ఓబన్న లేచి చేతులు జోడించాడు.

"ప్రభూ, సగం దారి నేను నడిచాను. నాకు చూపు లేదు. ఆ సంగతి దాచి నడిపించాను. వీళ్ల ప్రాణాలతో, రాణిగారి ప్రాణంతో ఆడుకున్నాను. సన్నబాట మీద ఇక దాచలేక చెప్పాను. అక్కణ్ణుంచి ముందు నడిచింది నా మేనల్లుడు."

రాజు ముఖం మారిపోయింది. "చూపు లేనివాడు నా రాణి ప్రాణం మోశాడా!" అని కత్తి పిడి మీద చెయ్యి వేశాడు.

తలుపు దగ్గర సుంకులమ్మ నిలబడి ఉంది. నుదుటికి కట్టు, చేతులు ఇంకా తడి.

"ప్రభూ, దాచినందుకు కోపం రావడం న్యాయమే. నా నుదురు పగిలింది, నాకూ కోపం ఉంది. కానీ ఇతడు చెప్పబట్టే మేం బతికి వచ్చాం. చెప్పినవాడి తల తీస్తే, రేపటి నుంచి మీ రాజ్యంలో ఎవడూ తన లోపం చెప్పడు. అందరూ పాడుకుంటూ లోయలోకి నడుస్తారు," అంది.

రాజు చెయ్యి పిడి మీదనే చాలాసేపు ఉండిపోయింది. చివరికి ఆ చెయ్యి కిందికి దిగింది. కడియం మారెప్ప చేతికి తొడిగాడు. ఓబన్నతో, "నీకు బహుమానం లేదు, శిక్షా లేదు. నువ్వు ఇక ముందు నడవకూడదు. నీ గొంతు మాత్రం ఆగకూడదు," అన్నాడు.

ఏటి నీరు తగ్గాక నలుగురూ తిరుగుదారి పట్టారు. ఊరి పొలిమేర కనబడ్డాక మారెప్ప, "నాకు ముందే ఎందుకు చెప్పలేదు మామా? నేను నీ చోటు లాక్కునేవాణ్ణనుకున్నావా?" అన్నాడు.

"అనుకున్నానురా," అన్నాడు ఓబన్న.

మారెప్ప, "పాట నేర్పు మరి," అన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు మారెప్ప ముందు, ఓబన్న వెనక నడిచారు. ఒక మాఘమాసం పొద్దున ఓబన్న పల్లకీ ఎత్తకముందే పక్కకు తప్పుకుని, "ఇవాళ నా భుజం కూడా నిలవదురా, ఇంకొకణ్ణి పిలుచుకోండి," అన్నాడు. ఈసారి అతడేమీ దాచలేదు. అతణ్ణి ఎవరూ చులకన చేయలేదు. ఆ పల్లెలో మోయడం నేర్చుకునేవాళ్లంతా ముందుగా అతని దగ్గరే కూర్చుని పాట నేర్చుకున్నారు.

నీతి: వయసుతో బలం తగ్గడం తప్పు కాదు, తగ్గిన బలాన్ని దాచి పదిమందినీ నడిపించడమే తప్పు.