సగటు కొలతల అంగరఖా

రంగవరమని ఒకానొక రాజ్యం. దాన్నేలే విజయమల్లుగారు మనిషి పొట్టి, మాట పొడుగు. ఆయన ఏమన్నా తందాన అనడమే మంత్రి గోవిందామాత్యుడి ఉద్యోగం. ఆ కొలువులో నిజం చెప్పి బతికి బట్టకట్టినవాడు విదూషకుడు కూర్మయ్య ఒక్కడే. అదీ నవ్వించి చెబుతాడు కాబట్టి.

దసరా ముందు వీధిబడి గవరయ్య పంతులు కొలువుకొచ్చి చేతులు జోడించాడు.

"మహాప్రభూ, నెలకు రెండు వరహాలతో ఇల్లు గడవడం లేదు. పెంచకపోతే బడి మూసుకోవాలి."

మంత్రి దిగ్గున లేచాడు. "అబద్ధం ప్రభూ! రాజ్యంలో గురువులు పదిమంది. నెలకు నూరు వరహాలిస్తున్నాం. సగటు జీతం పది!"

రాజుగారు మండిపడ్డారు. "పది వరహాలు పుచ్చుకుంటూ, దసరా మామూళ్ళకని పిల్లల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారా? ఇక ఆ తిరుగుడు మానండి!"

ఆ నూటిలో ఎనభై రెండు వరహాలు యువరాజుకు చదువు చెప్పే రాజగురువువి. మిగిలిన తొమ్మండుగురికీ తలా రెండు. మంత్రికి తెలుసు, అడిగే నాథుడే లేడు. దసరాకు జనం పెట్టే నాలుగు డబ్బులతోనే పంతులింట్లో ఏడాదికోసారి కొత్తబట్ట. ఇప్పుడు అదీ పోయింది. పాపం, కోట మెట్లమీద కూలబడ్డాడు.

"విజయదశమి దాకా బడి మూయకండి పంతులుగారూ," అన్నాడు కూర్మయ్య.

ఆ రాజ్యంలో ఒక ఆచారముంది. విజయదశమినాడు రాజు ముహూర్తానికి కొత్త అంగరఖా తొడిగితే, జమ్మిపూజ అయ్యేదాకా విప్పకూడదు. ఆ ఏడు దాన్ని కుట్టించే పని కూర్మయ్య అడిగి మరీ నెత్తికెత్తుకున్నాడు.

ముహూర్తం వేళకు తొడిగారు. చేతులు అంగరఖాలో మాయమయ్యాయి. అంచు నేల ఊడ్చింది. జమ్మిచెట్టు దగ్గర ఊరంతా చూస్తుండగా రాజుగారు ఆ అంచు తొక్కుకుని బోర్లాపడ్డారు.

"కూర్మయ్యా! ఇదేం కొలతరా?"

"సరైన కొలతే ప్రభూ. తమ కొలతా, ఆస్థాన వస్తాదు కొలతా కలిపి సగం చేయించాను. ఆయనకూ ఇలాంటిదే కుట్టించాను, చూడండి."

కొండంత వస్తాదు ముందుకొచ్చాడు. అంగరఖా చంకల్లో పిగిలి, వీపున చిరిగి ఉంది.

"ఇద్దరిలో ఒక్కరికైనా సరిపోలేదు కదరా!"

"సగటుకు సరిపోయింది ప్రభూ. ఒళ్ళే సరిపోలేదు. మంత్రిగారు రాజగురువుగారినీ, ఈ పంతులుగారినీ కలిపి కుట్టిన జీతమూ ఇలాంటిదే. సగటుకు ఆకలుండదు. పంతులుగారికి ఉంది."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. జనమూ నవ్వారు. వెనక నుంచున్న గవరయ్య పంతులు కూడా ఎన్నాళ్ళకో నవ్వాడు.

"భలే! నాకే పాఠం చెప్పావు. నేటినుంచి నువ్వూ నాకు గురువువే. నెలకు నూరు వరహాలు!"

కూర్మయ్య గతుక్కుమన్నాడు. "ప్రభూ, నాకు కాదు, పంతులు..."

మంత్రి అప్పటికే వేళ్ళు మడిచేశాడు. "శుభం ప్రభూ! గురువులు పదకొండుగురు, వరహాలు రెండు వందలు. సగటు జీతం పద్దెనిమిది దాటింది!"

"చూశారా నా రాజ్యం!" అంటూ రాజుగారు అంగరఖా ఎత్తిపట్టుకుని పల్లకి ఎక్కారు. మేళాలు మోగాయి.

చెట్టుకింద కూర్మయ్య, పంతులు ఇద్దరే మిగిలారు. పంతులు చిరిగిన ఉత్తరీయం భుజాన సర్దుకుని మెల్లగా అడిగాడు.

"కూర్మయ్యగారూ, నాకిప్పుడు పద్దెనిమిది వస్తున్నాయట. ఇంట్లో ఏమని చెప్పమంటారు?"