గడపలేని వాళ్ళ లెక్క

ఇంత పెద్ద దేశంలో ఎంతమందిమి ఉన్నామంటే కోట్లలో ఠక్కున చెప్పేస్తారు కదా. ఆ కోట్లలో పడనివాళ్ళు ఎవరో చెప్పగలరా? పకీరప్ప చెప్పలేకపోయాడు. ఒకప్పుడు అట్లాంటి లెక్క రాసినవాడే అతను.

కరువు ఏడు అది. ఉగాది దాటాక తలకిన్ని మానికలని జొన్నలు పంచాలనుకున్నాడు రాజు. ముందు జనాన్ని లెక్కించమన్నాడు. అందరికంటే ముందు పుస్తకం తెచ్చి ఇచ్చినవాడికి కొలువులో గుమాస్తా పని.

నలభై ఊళ్ళు పకీరప్ప వంతుకొచ్చాయి. దర్గాలో ఉండే లాల్ షా తాత శిష్యుల్లో చక్కగా రాయొచ్చినవాడు అతనే. ఇంటింటికీ పోయి తలలు రాసుకునేవాడు. రాశాక గడప పక్కన ఎర్రమట్టి జాజుతో ఒక గీత. గీత ఉంటే ఆ ఇల్లు అయిపోయినట్టే. ఆరు నెలలు అట్లా తిరిగి, దర్గాకు వచ్చి గురువు ముందు పుస్తకం పెట్టాడు.

"తొమ్మిది భాషలు, డెబ్బైమూడు కులాలు తాతా. సాయిబులెందరు, జైనులెందరు, చంటిబిడ్డలెందరు, అన్నీ ఉన్నాయి. ఒక్క గడప వదల్లేదు. ఇంకెవరూ పూర్తి చెయ్యలేదంట. మీరు చెయ్యి పెట్టి దీవిస్తే రేపే దివానుకిస్తా."

లాల్ షా చెయ్యి పెట్టలేదు.

"వంటలోకి ఉప్పు లేదు నాయనా. పద, తెచ్చుకుందాం. పుస్తకం, జాజు కూడా పట్టుకో."

ఉప్పు కోసం అంగడికి కాదు, ఎండిన ఏట్లోకి తీసుకుపోయాడు. గాడిదల మీద ఉప్పు మోసుకుని ఊరూరా అమ్ముకునేవాళ్ళు అక్కడ డేరాలు వేసుకుని ఉన్నారు. ఒక ముసలమ్మ తాత జోలెలో ఉప్పు పోసి, పకీరప్ప చంకలో పుస్తకం చూసింది.

"ఏం సామీ, మళ్ళా గాడిదల లెక్కకొచ్చినావా? మొన్ననే సుంకమోళ్ళు రాసుకోని పోయిరి."

"గాడిదలనా?"

"ఊ. పదకొండు. కుంటిదాన్ని గూడా రాసుకున్యారు. మమ్మల్ని మటుకు ఎవురూ అడగల్యా."

లాల్ షా జాజు చిప్ప శిష్యుడి ముందుకు జరిపాడు. "గీత గియ్యి."

పకీరప్ప వేలు ముంచి డేరా ముందు నిలబడ్డాడు. గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. వేలి చివర నుంచి ఒక చుక్క ఇసుకలో పడింది.

"వీళ్ళను ఏ ఊరి కింద రాసేది తాతా? నెలకో ఊరు మారతారు. ఇట్లా ఎన్ని ఏర్లున్నాయో, ఎన్ని మిట్టలున్నాయో. అన్నీ మళ్ళీ తిరగాలి. ఈలోగా ఎవడో ఒకడు పుస్తకం ఇచ్చేస్తాడు."

"ఆకలైతే మాకు అన్ని ఊళ్ళల్లోనూ అయితాది సామీ" అంది ముసలమ్మ.

లాల్ షా జోలె మూతి ముడేశాడు.

"జొన్నలు కొలిచేనాడు గాడిదలకు పోస్తారేమో, కనుక్కో నాయనా."

ఆ ఒక్క మాట అని దర్గా దారి పట్టాడు.

పకీరప్ప ఇసుకలో చతికిలబడి, పుస్తకం చివర ఖాళీ కాగితం తీశాడు.

"నీ పేరేందవ్వా?"

"ఎందుకో?"

"రాసుకుంటా."

"గంగులమ్మ. నిదానంగా రాయి, నాకేం తొందర లేదులే."

గుమాస్తా పని ఇంకెవరికో పోయింది. ఆ కబురు అందేసరికి పకీరప్ప మూడో ఏటి ఒడ్డున ఉన్నాడు.

ఈసారి జనం లెక్కలవాళ్ళు మీ ఇంటికి వచ్చినప్పుడు, మీ పేర్లు చెప్పేసి తలుపేసుకోకండి. చెప్పులేసుకుని, డేరాల దాకా వాళ్ళ వెంట నడవండి.