ఇత్తడి రీలు

మౌలాలికి కోపం వస్తే ఇంట్లో వస్తువులు మిగిలేవి కావు.

అవనిగడ్డలో అతనికి మోటార్లు చుట్టే షాపు ఉండేది. ఎంత మాడిపోయిన మోటారు తెచ్చినా విప్పి, రాగితీగ కొత్తగా చుట్టి, సాయంత్రానికల్లా తిరిగేలా చేసి పంపేవాడు. ఊళ్లోవాళ్ల సామాను బాగుచేసిన ఆ చేతులతోనే ఇంటికొచ్చి సొంత సామాను పగలగొట్టేవాడు. అన్నం చల్లారిందని కంచం, చప్పుడు చేస్తోందని ఫ్యాను, ఎవరో డబాయించారని ఫోను. చివరికి ఒకనాడు, పిలిస్తే వెంటనే పలకలేదని, భార్య షాజాదీ బట్టలు కుట్టే మిషనును ఎత్తి గుమ్మంలోంచి వీధిలోకి విసిరాడు.

షాజాదీ అరవలేదు, ఏడవలేదు. నాలుగు బట్టలు సంచిలో సర్దుకుని చీరాలలోని పుట్టింటికి బయల్దేరింది. వెళ్లేముందు ఒక్క మాట అంది.

"నీ చెయ్యి ఇంతవరకూ నా మీద పడలేదు. కానీ రోజురోజుకీ దగ్గరికొస్తోంది."

ఆ మాట మౌలాలికి ముల్లులా దిగింది. ఎవరో చెబితే నాగాయలంక వెళ్లి సిలార్ బాబా కాళ్లమీద పడ్డాడు.

సిలార్ బాబా దర్గా పక్కన చిన్న పెంకుటింట్లో ఉండే ముసలి ఫకీరు. పొడుగ్గా, బక్కగా ఉండేవాడు. మాట తక్కువ. తన గురువు దగ్గర రెండే నేర్చుకున్నానని చెప్పేవాడు, నమాజూ గాలమూ. నెలకోసారి పడవెక్కి కృష్ణ సముద్రంలో కలిసే చోట పండుగప్ప చేపల వేటకి వెళ్లేవాడు. దొరికితే తెచ్చి వండి వచ్చినవాళ్లకి పెట్టేవాడు, దొరక్కపోతే పప్పు.

కోపం పోవడానికి తాయెత్తు కట్టమని మౌలాలి అడిగాడు. బాబా కట్టలేదు. ఉండాలనుకుంటే ఉండమన్నాడు. మౌలాలి షాపు మూసేసి అక్కడే ఉండిపోయాడు. వాకిలి ఊడ్చాడు, నీళ్లు మోశాడు, ఉపవాసాలున్నాడు. కోపం తన్నుకొచ్చినప్పుడల్లా పళ్లు బిగబట్టి మింగేశాడు. అలా ఒక వేసవి గడిచి వానలు కూడా వెనకబట్టాయి. ఈ మధ్యలో అతను ఒక్క వస్తువు పగలగొట్టలేదు. వచ్చేపోయేవాళ్లు, ఎంత మారిపోయావయ్యా అంటుంటే అతనికీ అది నిజమే అనిపించింది. అవునని తల ఊపడం కూడా నేర్చుకున్నాడు.

ఒకరోజు బాబా ముందు కూర్చుని, తన కోపం వేళ్లతో సహా పోయిందన్నాడు. మీరొక్క మాట చెబితే మా మామ కాదనడు, మనిషి మారాడని చీరాలకి కబురు పంపండి అని బతిమాలాడు.

బాబా కాసేపు అతని ముఖంలోకి చూశాడు. "రేపు పండుగప్పలకి వెళ్దాం. వచ్చాక చూద్దాం," అన్నాడు.

మౌలాలి సంబరపడ్డాడు. ఆ సాయంత్రమే బందరు వెళ్లి కొత్త గాలం కర్రలు రెండు, వాటికి మెరిసిపోయే రీళ్లు రెండు కొనుక్కొచ్చాడు. యంత్రాల సంగతి తనకి ఒకరు చెప్పక్కర్లేదు. రీలు ముందున్న మర తిప్పితే దారం బిగుస్తుంది, వెనక్కి తిప్పితే వదులవుతుంది. వదులుగా ఉంటే చేప గుంజినప్పుడల్లా దారం జారి దానికి చోటిస్తుంది. మౌలాలి రెండు మరలూ ఆఖరుదాకా బిగించి పెట్టుకున్నాడు. పడ్డ చేప అంగుళం కూడా పోకూడదని అతని లెక్క.

తెల్లారి నాంచారయ్య పడవ తీశాడు. అతను బాబాని ఎన్నో ఏళ్లుగా వేటకి తీసుకెళ్తున్న మనిషి. మడచెట్ల మధ్య పాయలోకి వెళ్లి, సముద్రపు పోటు నీళ్లు ఎక్కుతున్న చోట లంగరు వేశాడు. చెట్ల వేళ్లు నీళ్లలోకి దిగి గజిబిజిగా అల్లుకుని ఉన్నాయి. పండుగప్పలు ఆ వేళ్ల నీడలోనే పొంచి ఉంటాయని చెప్పాడు.

మౌలాలి ఎరగా బొమ్మచేప కట్టిన గాలం విసిరాడు. కొద్దిసేపటికే కర్ర విల్లులా వంగింది. చేప వేళ్ల వైపు దూసుకుపోతుంటే మౌలాలి కాళ్లు తన్నిపెట్టి, బలం కొద్దీ రీలు తిప్పాడు. రీలు లోపల ఏదో కరకరమంది. చక్రాల పళ్లు విరిగిపోయి చేతిపిడి ఉత్తినే గిర్రున తిరిగింది. చేప గాలం వదిలించుకుని పోయింది.

చెవుల వెనక వేడి పుట్టడం మౌలాలికి తెలిసింది. మింగాడు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. బందరు షాపువాడు నాసిరకం అంటగట్టాడని, లోపలి పళ్లు ఇనుము కాదు ప్లాస్టిక్కని, వాడి సంగతి తర్వాత చూస్తాననీ గొణిగాడు. బాబా తన గాలం నీళ్లలో వదిలి, అటుకులు నములుతూ కూర్చున్నాడు.

రెండో రీలు పొద్దెక్కాక పోయింది. అప్పటికి ఎండ నెత్తిమీద మాడ్చేస్తోంది. ఎన్నిసార్లు విసిరినా చేప ముట్టలేదు. దారం చిక్కుపడింది. మౌలాలి వేళ్లతో లాగాడు, గోళ్లతో పీకాడు, పంటితో కొరికాడు. చిక్కు మరింత ముడిపడింది. అతను దాన్ని విప్పుతుండగానే నీళ్లలో ఉన్న గాలాన్ని చేప పట్టింది. రీలు కదలనంది. మౌలాలి దాన్ని పడవ అంచుకేసి ఒక్క దెబ్బ కొట్టాడు. దారాన్ని పట్టుకునే తీగ విరిగి నీళ్లలో పడిపోయింది. దారం తెగిపోయింది.

ఈసారి కోపం మింగుడు పడలేదు. అతను నాంచారయ్య మీదకి తిరిగాడు. పడవ సరిగ్గా నిలపడం రాదా అన్నాడు. చేప పట్టినప్పుడే పడవ కదిపావన్నాడు. కూలి డబ్బులకి వచ్చేవాడికి వేట సంగతేం తెలుసునన్నాడు. ఇంకా అనకూడనివి కూడా అన్నాడు.

నాంచారయ్య అతన్ని అలాగే చూశాడు. "నన్నంటే అన్నావులే సాయిబూ. పడవ మాత్రం కదల్లేదు," అన్నాడు. తర్వాత ముఖం అటు తిప్పుకుని బీడీ వెలిగించుకున్నాడు.

కాసేపటికి బాబా తన గాలం పైకి లాగి, కర్రతో సహా మౌలాలి చేతికిచ్చాడు.

ఆ కర్రకి ఉన్నది ఇత్తడి రీలు. బాబా గురువు పడుచుతనంలో బందరు రేవులో ఒక ఓడ కళాసీ దగ్గర కొన్నది. కళ్లు పోయేదాకా దానితోనే వేటాడి, చనిపోయేముందు సిలార్ చేతిలో పెట్టాడు. బాబాకి ఈ లోకంలో సొంతమని చెప్పుకునేది అదొక్కటే. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక దాన్ని విప్పి, తుడిచి, మిషను నూనె చుక్కలు వేసి మళ్లీ బిగించేవాడు. దాన్ని ఇంకొకరు ముట్టుకోవడం నాంచారయ్య కూడా ఏనాడూ చూడలేదు.

మౌలాలి తడబడ్డాడు, వద్దన్నాడు. బాబా వినలేదు.

"దీనికి బిగించే మర లేదు. బొటనవేలే మర. గుంజితే వదులు, ఆగితే చుట్టు," అని చెప్పి తన చోట్లో కూర్చున్నాడు.

ఎండ వాలే వేళకి పోటు మళ్లీ నిండుగా ఎక్కింది. అప్పుడు పట్టింది చేప. పట్టడం కాదు, కర్రని చేతుల్లోంచి లాక్కుపోబోయింది. కొంచెం అవతల అది నీళ్లలోంచి పైకి లేచి, వెండిరేకులా మెరిసి, తల విదిలించి దబ్బున పడింది. అంత పెద్ద పండుగప్పని ఈ పాయలో చూడలేదంటూ నాంచారయ్య బీడీ పారేసి లేచి నిలబడ్డాడు.

"వదులు," అన్నాడు బాబా.

మౌలాలి వదల్లేదు. పొద్దుటి చేప, మధ్యాహ్నపు చేప, బందరు షాపువాడు, నాంచారయ్య మాట, ఇన్నాళ్లుగా మింగినవన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. ఈ ఒక్కటీ పోకూడదు. బొటనవేలు చాల్లేదని అరచేయి మొత్తం రీలుమీద వేసి నొక్కేశాడు.

"వదులు మౌలాలీ."

రీలు ఇరుసు టప్పున విరిగింది. చక్రం ఊడి పడవలో పడి దొర్లింది. దారం బయటికి దూసుకుపోతుంటే మౌలాలి కర్ర పారేసి, వట్టి చేత్తో దారం పట్టుకున్నాడు. రెండు చుట్లు చుట్టుకున్నాడు కూడా. చేప ఒక్క గుంజు గుంజింది. దారం అతని అరచేతిని కోసుకుంటూ వెళ్లి తెగిపోయింది.

నీళ్లు నిమ్మళించాయి. చేతినుంచి రక్తం పడవ చెక్కమీద పడుతోంది. మౌలాలి దాన్ని చూడలేదు. కాళ్ల దగ్గర ఇత్తడి చక్రం కనిపించింది. తెడ్డు అందుకుని దానిమీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. చక్రం వంగి, చీలి, ముక్కలయ్యేదాకా కొడుతూనే ఉన్నాడు. కొడుతూ బాబాని తిట్టాడు. కావాలనే తెచ్చావన్నాడు. విరిగేదని తెలిసే చేతిలో పెట్టావన్నాడు. ఇన్నాళ్లూ నాచేత వాకిలి ఊడ్పించుకున్నావు, ఏం ఒరగబెట్టావు, ఒక్క కబురు పంపడానికి నీకు నోరు రాలేదన్నాడు. ఆఖరిమాట అంటున్నప్పుడు తెడ్డు ఎత్తే ఉంది. బాబా జానెడు దూరంలో ఉన్నాడు.

ఎత్తిన తెడ్డు అక్కడే ఆగిపోయింది.

మౌలాలి తన చేతిని చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యిని చూసినట్టు చూశాడు. తెడ్డు కింద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు.

బాబా ముక్కల వైపు చూస్తున్నాడు. అతని ముఖం కందిపోయి ఉంది. పెదవులు సన్నగా బిగుసుకున్నాయి. బాబాని అలా నాంచారయ్య ఎప్పుడూ ఎరగడు. లంగరు తాడు పట్టుకుని నిలబడిపోయాడు.

చివరికి బాబా లేచాడు. తాగే నీళ్ల కూజా తెచ్చి, మౌలాలి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని రక్తం కడిగాడు. భుజం మీది తువ్వాలు అంచు చింపి కట్టు కట్టడం మొదలుపెట్టాడు.

మౌలాలికి అప్పుడు ఏడుపొచ్చింది. "చీరాలకి ఏ కబురూ పంపొద్దు బాబా. నేను మారలేదు. మీరు నన్ను తిట్టండి. కొట్టండి," అన్నాడు.

బాబా గుడ్డ చుట్టి లాగాడు. ఇంకో చుట్టు చుట్టి లాగాడు. ముడి వేసి, ముడిమీద ముడి వేశాడు. మౌలాలి వేళ్లు తెల్లబడ్డాయి. కొసలు తిమ్మిరెక్కాయి. ఇది తనకి తగిందేననుకుని అతను చెయ్యి అలాగే ఉంచాడు.

బాబా ఆ వేళ్లని చూశాడు. చూసి ఆగిపోయాడు. గట్టిగా ఊపిరి తీసి వదిలాడు.

"నాకూ కోపం వచ్చింది మౌలాలీ," అన్నాడు. "కట్టు బిగుసుకుపోయింది. ఉండు, విప్పి మళ్లీ కడతాను."

ముసలి గోళ్లకి ముడి ఒక పట్టాన రాలేదు. అతను తొందరపడకుండా కూర్చుని, ముందు పైముడి, తర్వాత కిందిముడి వదులుచేశాడు. చుట్లన్నీ విప్పాడు. మౌలాలి వేళ్లలోకి రక్తం తిరిగి రావడం ఇద్దరూ చూశారు. బాబా మళ్లీ చుట్టాడు. ఈసారి ప్రతి చుట్టుకీ ఆగి, నొప్పిగా ఉందా అని అడిగాడు. ప్రతిసారీ మౌలాలి లేదన్నాడు.

తిరుగుదారిలో మౌలాలి ఎడంచేత్తో ఇత్తడి ముక్కలన్నీ ఏరి బాబా సంచిలో వేశాడు. తర్వాత నాంచారయ్య దగ్గరికెళ్లి, మధ్యాహ్నం అన్న మాటలకి క్షమించమన్నాడు. నాంచారయ్య సరేననలేదు, కాదనలేదు. కాస్త జరిగి పక్కన చోటిచ్చాడు.

రేవులో దిగేసరికి పొద్దు కుంకుతోంది. రేపు తనే చీరాల వెళ్తానని మౌలాలి చెప్పాడు. కబురు అక్కర్లేదని, ఆమెకి తనే చెప్పుకుంటాననీ అన్నాడు.

"ఏమని చెప్తావు?" అని అడిగాడు బాబా.

"కోపం పోలేదని."

బాబా సంచి భుజానికి తగిలించుకున్నాడు. మౌలాలి చెయ్యి ఒకసారి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు.

"పొద్దున వెళ్లేముందు రా," అన్నాడు. "ఎంత వదులుగా కట్టినా రాత్రికి కాస్త బిగుస్తుంది. విప్పి కడతాను."